అక్కకి చూపించని నీలం

ఆస్పత్రిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. నీళ్లాయన అంటే చాలు, గేటు దగ్గర కాపలావాడి నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ తెలుసు. కిడ్నీలు పనిచెయ్యనివాళ్లకి రక్తం కడిగే వార్డు వెనక ఒక ఇరుకు గది ఉంది. దాన్నిండా గొట్టాలు, ట్యాంకులు, ఎప్పుడూ ఆగని మోటారు మోత. ఆ గది ఆయనది. ఆ మోతకి అలవాటు పడి ఇంట్లో కూడా ఊరందరికీ వినబడేలా మాట్లాడతాడని భార్య విసుక్కునేది.

రక్తం కడగడానికి నీళ్లు కావాలి, అవీ బోలెడు. కుళాయి నీళ్లు పనికిరావు, వాటిలో సున్నం ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం అని పుస్తకాల్లో రాస్తారు గానీ నీళ్లాయనకి రెండూ కలిపి సున్నమే. సాఫ్ట్‌నర్ అనే పొడుగాటి డ్రమ్ము ముందు ఆ సున్నాన్ని పట్టి తనలో ఉంచుకుంటుంది. మిగతా చెత్తని దాని వెనకున్న ఆర్వో యంత్రం వడకడుతుంది. సాఫ్ట్‌నర్ కూడా మనలాగే చేసి చేసి అలిసిపోతుంది. ఉప్పు నీళ్లతో కడిగితే తేరుకుంటుంది. కడగడం ఆలస్యమైతే సున్నాన్ని వదిలేస్తుంది, అది పోయి ఆర్వో పొరల్లో పేరుకుంటుంది. ఆ పొరలు కూడా చేతులెత్తేస్తే వార్డులో కుర్చీల్లో రక్తం కడిగించుకుంటున్నవాళ్లకి తలనొప్పి, వాంతులు, ఆపైన ఏమైనా కావచ్చు. అందుకని పొద్దున్నే, ఎవరి చేతికీ సూది గుచ్చకముందే, సాఫ్ట్‌నర్ దాటిన నీళ్లలో సున్నం ఉందో లేదో చూసి చెప్పాలి. అదీ ఆయన ఉద్యోగం.

చూసే పద్ధతి చెబితే చిన్నదే. ఫ్లాస్కులో నీళ్లు పోసి, బఫర్ అనే అమోనియా ద్రావణం కాస్త కలిపి, నల్లటి ఇండికేటర్ పొడి చిటికెడు వెయ్యాలి. సున్నం ఉంటే ఆ పొడి దాన్ని పట్టుకుని ద్రాక్షరసంలా ఎర్రబడుతుంది. అప్పుడు పైన బ్యూరెట్ అనే గీతల గాజు గొట్టంలోంచి ఈడీటీఏ ద్రావణాన్ని చుక్కచుక్కగా వదలాలి. ఈడీటీఏది పీత పట్టు. సున్నాన్ని డెక్కలతో పట్టుకుని ఇండికేటర్ చేతిలోంచి లాగేసుకుంటుంది. ఆఖరి కణం కూడా దానికి చిక్కిందంటే ఎరుపు పోయి నీలం వస్తుంది. ఎంత ద్రావణం ఖర్చయిందో చూస్తే సున్నం ఎంతుందో తెలిసిపోతుంది. అసలు సున్నమే లేకపోతే ఈడీటీఏతో పనే లేదు, పొడి పడగానే నీలమే.

ఆ నీలం ఫ్లాస్కుని నీళ్లాయన వార్డు గుమ్మం దాకా తెచ్చి పైకెత్తి చూపించేవాడు. అలా చూపించాలని ఏ నిబంధనలోనూ లేదు. మొదట్లో పెద్ద నర్సమ్మకి నమ్మకం చాలక చూపించమంది. తర్వాత అదే వాడుకైపోయింది. వరసగా కుర్చీల్లో కూర్చున్నవాళ్లందరూ మెడలు తిప్పి చూసేవాళ్లు. నీలం కనబడితే చొక్కా చెయ్యి పైకి మడిచేవాళ్లు.

గుమ్మం పక్కనున్న మొదటి కుర్చీ ఆయన సొంత అక్కది. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. కిడ్నీలు పోయినా గొంతు పోలేదు. రోజు విడిచి రోజు వచ్చి ఆ కుర్చీలో కూలబడి, "ఏదిరా, నీ సిరా బుడ్డి చూపించు" అని అరిచేది. ఆయన చూపించేవాడు. "కంపు మాత్రం నువ్వు రాకముందే వచ్చేసింది. దగ్గరికి రాకు, అక్కడే నిలబడు" అనేది.

కంపు మాట నిజమే. అమోనియా సీసా మూత తీస్తే ముక్కు బద్దలయ్యే ఘాటు. ఆయన మొహం పక్కకి తిప్పి, ఊపిరి బిగబట్టి, కావలసినంత తీసుకుని, టక్కున మూత బిగించేవాడు. ఎంత జాగ్రత్తపడినా చొక్కాకి అంటుకునేది. భార్య ఆ చొక్కాని ఇంట్లోకి రానిచ్చేది కాదు, వరండా మేకుకి తగిలించాల్సిందే. సీసాలో సరుకు బాగుందా, చచ్చిపోయిందా అని ఆయన ఎప్పుడూ విడిగా పరీక్ష చెయ్యలేదు. ఘాటు తగ్గితే పారబోసి కొత్త సీసా తెరిచేవాడు. ముక్కుండగా పరీక్షలెందుకని ఆయన ధీమా.

ఇలా ఉండగా ఆయనకి గట్టిగా పడిశం పట్టింది. ముక్కు దిబ్బడేసి, నోటితో ఊపిరి పీలుస్తూనే పనికి వెళ్లాడు. ఆ రోజుల్లో సీసా ఆయన్ని బాధపెట్టలేదు. బాధపెట్టనిదానికి మూత గురించి తొందరేముంది? తెరిచి బల్లమీద పెట్టి, పనంతా అయ్యాక, గుర్తొస్తే మూసేవాడు. పడిశం తగ్గింది, ముక్కు తెరుచుకుంది, మూత అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది. ముక్కు తెరుచుకున్నా అందులోకి వాసన రావడం లేదన్న సంగతి ఆయన గమనించనే లేదు. కన్ను పోతే చీకటి తెలుస్తుంది. వాసన పోతే ఏం తెలుస్తుంది?

తెలియాల్సిన సందర్భాలు రాకపోలేదు. భార్య స్నానానికి వెళుతూ, "పొయ్యిమీద పాలున్నాయి, చూస్తూ ఉండండి" అంది. ఆయన పక్క గదిలో పేపరు చదువుతూ కూర్చున్నాడు. పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడింది. ఆవిడ తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చింది.

"ఇల్లంతా కమురు కంపు కొడుతుంటే మీకు పట్టదా? పేపర్లో ఏముందండీ అంత?"

"పేపర్లో ఏం లేదు. పాలల్లోనే ఉంది" అని నవ్వబోయాడు గానీ ఆవిడ నవ్వలేదు. చొక్కా ఇప్పుడు వరండాలో కాకుండా ఇంట్లోనే తగిలిస్తున్నాడనీ, తను ఏమీ అనడం లేదనీ ఆవిడకీ తట్టలేదు.

ఆ తర్వాతే ఫ్లాస్కులో నీలం రావడం మానేసింది. పొడి వేస్తే అటు ఎరుపూ కాక ఇటు నీలమూ కాక వంకాయ రంగు దగ్గర ఆగిపోయింది. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. వంకాయ రంగే. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తెల్ల కాగితం మీద పెట్టి చూశాడు. వంకాయే. తన కళ్లే పోతున్నాయనుకున్నాడు.

ఎందుకంటే వాళ్ల నాన్న దర్జీ. మంచి పనివాడు. వయసు మీదపడ్డాక ఒకసారి నల్ల కోటుకి ముదురు నీలం దారంతో బొత్తాలు కుట్టి ఇచ్చాడు. కోటు యజమాని వీధిలో పదిమందినీ పిలిచి చూపించి నవ్వాడు. కళ్లలో పొరలని తర్వాత తెలిసింది. వైద్యం చేయించినా ఆయన మళ్లీ మిషను ముందు కూర్చోలేదు, పరువు పోయిందని. ఆ నవ్వుని నీళ్లాయన పిల్లాడిగా అరుగు మీద కూర్చుని విన్నాడు. ఇప్పుడు తన వంతు వచ్చిందనుకున్నాడు. నీలం గుర్తుపట్టలేనివాడికి నీళ్ల గదిలో ఏం పని?

ఇంటికెళ్లి పరుపు మీద దుప్పటి చూపించి, "ఇదేం రంగు?" అని భార్యని అడిగాడు.

"నీలం. మీరే కొన్నారు."

"నాకూ నీలమే కనబడుతోంది."

"సంతోషం. మతి ఇంకా అక్కడక్కడా ఉందన్నమాట" అని ఆవిడ వెళ్లిపోయింది.

దుప్పటి నీలం కనబడినంత మాత్రాన ఏమైంది, సన్నటి తేడాలే ముందు పోతాయి కాబోలు అని తనే తీర్పు చెప్పుకున్నాడు. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. వెళితే కాగితం మీద పడుతుంది, కాగితం మీద పడితే ఉద్యోగం పోతుంది. సీసా మీద అనుమానమే రాలేదు. మనిషికి ఒక భయం ముందే సిద్ధంగా ఉంటే రెండో కారణం వెతకడు.

ఆ రోజు ఫ్లాస్కుని సింకులో పారబోశాడు. గుమ్మం దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లి, "నీళ్లు బాగున్నాయి, మొదలుపెట్టండి" అన్నాడు. సాఫ్ట్‌నర్ కడిగి ఎంతో కాలం కాలేదు, ఇంకా కొన్నాళ్లు తిరుగులేదు, ఎప్పుడూ ఉండే నీళ్లే కదా అన్నది ఆయన లెక్క. పెద్ద నర్సమ్మ హడావిడిలో తలూపింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. వాటిలో ఒకరోజు మొదటి కుర్చీలో అక్క ఉంది. ఆయన ఆవిడ వైపు చూడకుండా చెప్పి వచ్చేశాడు. ఆవిడ కునుకుపాట్లు పడుతోంది కాబట్టి సరిపోయింది.

తర్వాతి వంతుకి అక్క మెలకువగానే ఉంది. ఆయన గుమ్మంలోకి వచ్చి నోరు తెరిచాడో లేదో, ఆవిడ అందుకుంది.

"సిరా బుడ్డి ఏదిరా?"

"లోపలుంది. నీళ్లు బాగున్నాయిలే."

"ఈమధ్య నీ దగ్గర కంపు కూడా రావట్లేదు. పని మానేసి ఉత్తుత్తి జీతం తీసుకుంటున్నావా ఏం?"

కుర్చీల్లో వాళ్లు నవ్వారు. అక్క కూడా నవ్వుతూనే జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. ఆ చెయ్యంతా సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బి, ముడులు పడి ఉంది. చిన్నప్పుడు ఆయన్ని బడికి చేయి పట్టుకుని తీసుకెళ్లింది ఆ చేత్తోనే. ఆవిడ సరదాకే అంది, ఆయనకి మాత్రం ఎక్కడో కలుక్కుమంది. నిజంగానే పని మానేశాడు కదా. చూడకుండా చెబుతున్నాడు కదా. పెద్ద నర్సమ్మ సూది చేతిలోకి తీసుకుంది.

"ఆగండమ్మా" అన్నాడు నీళ్లాయన. "ఎవరికీ పెట్టకండి. నా కళ్లకి నీలం ఆనడం లేదు. నాలుగైదు రోజులైంది. చూడకుండానే బాగున్నాయని చెబుతున్నాను."

నవ్వులు ఆగిపోయాయి. పెద్ద నర్సమ్మ సూది ట్రేలో పెట్టేసింది. నేరుగా నీళ్ల గదికి నడిచింది. అక్క కర్ర పట్టుకుని లేచి ఆవిడ వెనకాలే వచ్చింది, వద్దన్నా వినలేదు.

"నా ముందు చెయ్యండి" అంది నర్సమ్మ. ఆయన నీళ్లు పోశాడు, బఫర్ కలిపాడు, పొడి వేశాడు.

"నాకు వంకాయ రంగు కనబడుతోంది" అన్నాడు, నేరం ఒప్పుకుంటున్నట్టు.

"నాకూ వంకాయ రంగే" అంది నర్సమ్మ.

"వంకాయే" అంది అక్క.

ఆయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. కళ్లు బాగానే ఉన్నాయన్న సంతోషం ఎంతోసేపు నిలవలేదు. కళ్లు కాకపోతే మరేది పాడైంది? నీళ్లా?

అక్క అప్పటికే బల్లమీద మూత లేకుండా ఉన్న సీసాని ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇదేనా ఆ పాడు సీసా? ఇందులో ఘాటేదిరా? మంచినీళ్లలా ఉంది."

"అదేంటి? ఘాటు లేకపోవడమేంటి?" ఆయన లాక్కుని పీల్చాడు. ఏమీ లేదు. ఏమీ లేకపోవడం ఎన్నాళ్లుగా ఉందో అప్పుడు తిరగేసి చూసుకున్నాడు. మాడిన పాలు. ఇంట్లో తగిలించిన చొక్కా. బీరువాలోంచి సీలు తియ్యని కొత్త సీసా తెచ్చి మూత తిప్పాడు. నర్సమ్మ దగ్గుతూ వెనక్కి తగ్గింది. అక్క చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కులో సూదులు గుచ్చినట్టయింది, అంతే. వాసన లేదు. అమోనియా ఎగిరిపోయిన బఫర్‌తో రంగు ఎటూ తేలదని ఆయనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

కొత్త బఫర్‌తో మళ్లీ చేశాడు. ఈసారి పొడి పడగానే ఫ్లాస్కు నిండా చక్కటి ఎరుపు. అందులో అనుమానానికి తావే లేదు. ఈడీటీఏ వదిలాడు. చుక్క, చుక్క. ఎరుపు పలచబడి, ఒక్కసారిగా నీలమైంది. ఇన్నాళ్లూ ఎదురుచూసిన నీలం ఎదురుగా ఉంటే చూడటానికి ఆయనకి మొహం చెల్లలేదు. బ్యూరెట్‌లో ఖర్చయిన ద్రావణం అబద్ధం చెప్పదు. సాఫ్ట్‌నర్ ఎప్పుడో అలిసిపోయింది. అది సున్నాన్ని వదిలేస్తుంటే తను బాగున్నాయని చెబుతూ వచ్చాడు.

అక్క ఆ నీలాన్ని చాలాసేపు చూసింది.

"అంటే మొన్న నన్ను ఈ నీళ్ల మీదే కూర్చోబెట్టావా?"

"అవునక్కా."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. కర్ర తీసుకుని వార్డులోకి వెళ్లిపోయింది. ఆ పూట సాఫ్ట్‌నర్‌ని ఉప్పు నీళ్లతో కడిగి, నీలం వచ్చాక గానీ ఎవరినీ యంత్రానికి కలపలేదు. మొదటి కుర్చీలో అక్క ఆ రోజు గుమ్మం వైపు తిరగలేదు.

పెద్ద డాక్టరు అందరి రక్తం పరీక్ష చేయించాడు. ఎవరికీ ఏమీ కాలేదు. వెనకున్న ఆర్వో ఆ భారమంతా మోసింది, దాని పొరలు మాత్రం మార్చాల్సి వచ్చింది. నీళ్లాయన ఏయే రోజులు చూడకుండా చెప్పాడో ఒకటీ దాచకుండా చెప్పాడు. డాక్టరు చీవాట్లు పెట్టి, ముక్కు డాక్టరు దగ్గరికి పంపించాడు. వాసన వస్తే రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు ముక్కు డాక్టరు. పెద్ద నర్సమ్మ బఫర్‌లో సత్తువ ఉందో లేదో రంగు మారి చెప్పే పీహెచ్ కాగితాలు తెప్పించి, రోజూ బఫర్‌ని కాగితంతో చూశాకే పని మొదలుపెట్టాలంది. భార్య విషయం విని, పాల గిన్నె గురించి తను అన్న మాటలకి బాధపడి, చొక్కాని మాత్రం మళ్లీ వరండాలోకి నెట్టింది.

రోజు విడిచి రోజు కదా, అక్క మళ్లీ వచ్చింది. ఆయన పొద్దున్నే కాగితం ముంచి చూశాడు, సరిపోయింది. పొడి వేశాడు, నీలం వచ్చింది. ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మిగతా కుర్చీల్లో వాళ్లు మెడలు తిప్పి చూశారు. అక్క ఫ్లాస్కు వైపు చూడనైనా లేదు.

"సీసా తీసుకురా" అంది.

తెచ్చాడు. ఆవిడ కుర్చీ పక్కన నిలబడి మూత తిప్పాడు. ఆవిడ ముందుకి వంగి ఒక్కసారి పీల్చింది. పీల్చి, మొహం వికారంగా పెట్టి, కళ్లెంట నీళ్లు కారేలా దగ్గి, "ఛీ, పాడు కంపు! ముయ్యరా ముందు" అని అరిచింది. ఆయన టక్కున మూత బిగించాడు.

"గుచ్చమ్మా" అని అక్క నర్సమ్మకి చెయ్యి చాచింది.