ఎల్లారెడ్డిపేట బావి, ఎగుడుదిగుడు వత్తులు

తొంభైల తొలినాళ్లలో, ఒక వేసవి ఆరంభంలో, జగిత్యాల నుంచి సిరిసిల్ల మెజిస్ట్రేటు కోర్టుకు అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా బదిలీ అయ్యాను. ఆ ఊళ్లో మరమగ్గాల చప్పుడు ఆగేది కాదు. కోర్టు హాలులో సాక్షులు గొంతు పెంచి మాట్లాడేవారు. ఇప్పుడు నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఏదైనా చదువుతుంటే, ఆ చప్పుడు లేని లోటు తెలుస్తుంది.

చేరిన కొద్దిరోజులకే మల్లయ్య ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. అతను ఎల్లారెడ్డిపేట వైపు రాతిని పేల్చి బావులు తవ్వే మనిషి. బస్సు తనిఖీలో అతని సంచిలో జిలెటిన్ తూటాలు, డిటొనేటర్లు, వాటిని అంటించే వత్తి ముక్కలు దొరికాయి. నక్సలైట్ దళాలు పోలీసు జీపుల దారుల్లో మందుపాతరలు పెడుతున్న కాలం. పోలీసులు పేలుడు పదార్థాల చట్టం నాలుగో సెక్షన్ పెట్టారు. ప్రాణహాని ఉద్దేశంతో పేలుడు సామగ్రి దగ్గర ఉంచుకోవడం అనే నేరమది. బెయిలు హక్కుగా దొరకదు, రుజువైతే ఏళ్ల తరబడి జైలు. అదే సామగ్రిని లైసెన్సు లేకుండా కేవలం పనికోసం ఉంచుకుంటే వేరే చట్టం కింద చిన్న నేరం, జుర్మానాతో తేలిపోవచ్చు. రెండింటిలోనూ చేతిలో ఉన్న వస్తువు ఒకటే. తేడా అంతా ఉద్దేశంలో ఉంది.

నేను భౌతికశాస్త్రం చదివి న్యాయవాదినైన వాణ్ని. స్వాధీనం చేసుకున్న సొత్తును స్వయంగా చూశాను. మందుపాతరను దూరం నుంచి పేల్చడానికి కావలసిన విద్యుత్ తీగ లేదు. వత్తి ముక్కలు ఏ రెండూ ఒకే పొడవు లేవు. ఒకదానికంటే ఒకటి కొంచెం పొడుగ్గా, వరుసగా కోసి ఉన్నాయి.

రిమాండు పొడిగింపుకు తెచ్చిన రోజు, మెజిస్ట్రేటు అనుమతితో మల్లయ్యను కారణం అడిగాను.

"ఒక్కతీరుగ కోస్తే అన్ని ఒక్కపారే పేలుతయ్ సారూ. ఎన్ని చప్పుళ్లైనయో లెక్క దొరకది. ఒక్కటి పేలక మిగిలిందనుకో, కిందికి దిగినోడు మళ్ల పైకి రాడు."

గుమ్మం దగ్గర నిలబడ్డ అతని భార్య ఎల్లవ్వ ఊరుకోలేదు. "గిన్ని లెక్కలు తెల్సినోనికి లైసెన్సు కాయితం ఒకటుంటదని తెల్వకపాయె! బాయిల నీళ్లు పడలే గని, నువ్వు వోయి జైల్ల పడ్డవ్. వానలచ్చినయంటే సగం బాయి పూడుతది, ఎవలు తీస్తరు?"

మెజిస్ట్రేటు నవ్వు కనబడకుండా ఫైలులోకి తలవంచారు.

నిందితుడి మాట ఒక్కటే చాలదు. బావి దగ్గర పంచనామా చేయాలని రాసి ఫైలు తిప్పి పంపాను. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ స్వయంగా వచ్చారు. "బాయి చూడుమంటున్నరు, మంచిదే సార్. మరి తొవ్వల ఏం పాతిపెట్టిన్రో ఎవలు చూడాలె?" అన్నారు. ఆయన భయం న్యాయమైనదే. ఆ బాటన పోలీసు జీపు పోయి చాలా రోజులైంది. అయినా రాసింది కొట్టివేయలేదు.

చివరికి ఆయన, ఇద్దరు కానిస్టేబుళ్లు లుంగీలు కట్టుకుని ఆర్టీసీ బస్సులో వెళ్లారు. సగం తవ్విన బావి ఉంది. అడుగున రాతిలో కొత్తగా తొలిచిన రంధ్రాలు, మట్టి పడకుండా గుడ్డపేలికలు కుక్కి ఉన్నాయి. రంధ్రాలు ఎన్నో, సంచిలో వత్తి ముక్కలు అన్నే. ఇన్‌స్పెక్టర్ పంచనామా నా చేతికిచ్చి, "పొయ్యేటప్పుడు గుండె గుప్పిట్ల వెట్టుకొని పోయినం సార్. అచ్చేటప్పుడు నిద్రవట్టింది" అన్నారు.

నాలుగో సెక్షన్ నిలవదని అభిప్రాయం రాశాను. లైసెన్సు లేని నేరం ఒక్కటే మిగిలింది. వానలకు ముందే మల్లయ్య బెయిలుపై విడుదలయ్యాడు. తరువాత నేరం ఒప్పుకుని జుర్మానా కట్టాడు.

ఉద్దేశం కంటికి కనబడదు కాబట్టి, చట్టం దాన్ని పరిస్థితుల నుంచి ఊహిస్తుంది. ఆ పరిస్థితులు ఎక్కడున్నాయో అక్కడికి ఎవరో ఒకరు వెళ్లాలి. దారి ప్రమాదమని చూడకుండా వదిలేసిన స్థలం, రికార్డులో నిందితుడికి వ్యతిరేకంగానే నిలుస్తుంది.