గువ్వ పుట్టిన చోటు వెతికిన వైనం

ఈ ఉదంతాన్ని కాగితం మీద పెట్టవలసిన అవసరం ఈమధ్యనే కలిగింది. సూరత్ అడాజన్‌లో మన తెలుగువారు జరుపుకున్న ఒక సభలో నన్ను పరిచయం చేసిన యువకుడు, "తాలూకా కచేరీ దుమ్ములోంచి ఒక ఆడపిల్ల భవిష్యత్తును వెలికితీసిన పెద్దమనిషి" అన్నాడు. సభికులు చప్పట్లు కొట్టారు. నేను లేచి, వంగి నమస్కరించి కూర్చున్నాను. కూర్చున్న మరుక్షణం నుంచి ఆ కుర్చీ నన్ను గుచ్చుతూనే ఉంది. ఎందుకంటే ఆ కథ అబద్ధం. ముప్పై ఏళ్ళకు పైగా సూరత్ తెలుగు ఇళ్ళలో చెలామణీ అవుతున్న ఆ కథను నేను పుట్టించలేదు కాని, ఒక్కసారైనా ఖండించలేదు. దస్తావేజులో తప్పు ఉన్నదని తెలిసి కూడా దిద్దకుండా ఊరుకోవడం ఎంతటి అపరాధమో, నలభై ఏళ్ళు దస్తావేజుల మధ్య బతికిన నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకని ఇప్పుడు దిద్దుతున్నాను. ఓపిక తగ్గింది, ఇంకా ఆలస్యం చేస్తే దిద్దడానికి నేనే ఉండకపోవచ్చు.

ఆ రోజుల్లో, వరుసక్రమం పాటిస్తే లోకంలో జరగని పని ఉండదని నా నమ్మకం. (ఈ రోజుల్లో నా నమ్మకాలు తక్కువ, మోకాళ్ళ నొప్పులు ఎక్కువ.) నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా కొత్తగా చేరి, గోదావరి ఒడ్డు నుంచి తాపీ నది ఒడ్డుకు వచ్చి, డిండోలిలో ఒక నేత కార్మికుడి ఇంటి మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. కింద ఇంటాయన కరీంనగర్ వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నవాడు. వీధిలో అందరికీ 'మామ'. నేను దేనికైనా సరే స్కేలు పెట్టి గళ్ళు గీసేవాణ్ణి. చాకలికి వేసిన బట్టలకు గళ్ళు, పాలవాడు రాని రోజులకు గళ్ళు, ఊళ్ళో ఉన్న బంధువులకు రాసిన ఉత్తరాలకు, వచ్చిన జవాబులకు వేరువేరు గళ్ళు. వీధివాళ్ళు నాకు 'గళ్ళ సారు' అని పేరు పెట్టారు. దాన్ని నేను బిరుదుగా స్వీకరించాను.

ఒక ఆదివారం మామ మెట్లెక్కి వచ్చాడు. వెనకాల ఆయన పెద్దకూతురు, ఇంట్లో అందరూ 'గువ్వ' అని పిలిచే పదిహేడేళ్ళ పిల్ల.

"సారూ, జర మీతోని పనివడ్డది. మా గువ్వకు నర్సు ట్రైనింగుల సీటొచ్చింది. గని బడి కాయిదంల పుట్టిన తారీకు తప్పు రాసిండ్రట. ఎనిమిది నెలలు చిన్నది జేసిండ్రు. ఆ లెక్కన వయసు చాలదంటున్నరు."

"తప్పెవరు రాశారు?"

"ఎవలు రాస్తరు సారూ, బడి సారే. బడిల ఏసేటప్పుడు ఎప్పుడు పుట్టింది అనడిగిండు. పాళీ టైమైతాంది, నేను ఉరుకుతున్న. ఏదో ఒకటి రాసుకోండ్రి అన్న. ఆయన జూన్ ఒకటి అని రాసుకున్నడు." పాళీ అంటే ఇక్కడ షిఫ్టు, మామ జీవితంలో సమస్తమూ పాళీకి ముందో పాళీకి తర్వాతో జరిగినవే.

విషయం ఇది: సర్కారు రిజిస్టరులోంచి పుట్టిన నమోదు నకలు ఇరవై రోజుల్లోగా సమర్పిస్తే సీటు గువ్వది. లేకుంటే జాబితాలో తరవాతి పిల్లది. అప్పుడు గువ్వ ఇంట్లో కూర్చుని, బడి లేనప్పుడల్లా చేస్తున్న పనినే ఇక రోజంతా చేయాలి: మగ్గం నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టడం. వీధి చివర కూర్చునే ఏజెంటును పట్టుకుందామని మామ ఆలోచన. నేను ఒప్పుకోలేదు. "ప్రజల రికార్డు ప్రజలు అడిగి తీసుకోవాలి. మధ్యవర్తి ఎందుకు? నేను తెస్తాను," అన్నాను. సమాచార హక్కు చట్టం రావడానికి ఇంకా చాలా ఏళ్ళున్న కాలమది. అడిగేవాడి ఓపిక, ఇచ్చేవాడి దయ, ఈ రెండే అప్పటి నిబంధనలు.

ఆ సాయంత్రమే పదహారు గళ్ళ పత్రం గీసి కిందికి దిగాను. మంచం మీద మామను కూర్చోబెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని, సాక్షిని విచారించినట్టు విచారించాను. తండ్రి పేరు, తాత పేరు, వృత్తి, నివాసం. తరవాత పుట్టిన తేదీ.

"తారీకు యాదికి లేదు సారూ. ఎంగిలిపూల బతుకమ్మ నాడు పుట్టింది. గది మాత్రం పక్కా."

నేను పొంగిపోయాను. పంచాంగం తెప్పించి, ఆ ఏటి భాద్రపద అమావాస్యను పట్టుకుని, దానికి ఇంగ్లీషు తేదీ కట్టి, ఎర్ర సిరాతో రాశాను. తరవాతి గడి: పుట్టిన ఊరు.

"డిండోలినే సారూ. ఇదే ఇల్లు. మా నాయిన కట్టిండు."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ గువ్వ తల్లి కొంగు సర్దుకుని, "గట్ల గాదు సారూ, అప్పుడేమైందంటే…" అని మొదలుపెట్టింది.

"అమ్మా, మీరు మధ్యలో మాట్లాడకండి. వరుస తప్పుతుంది. చివర్న 'ఇతరములు' అని గడి ఉంది, అప్పుడు చెబుదురు గాని," అన్నాను. చివరి గడికి చేరేసరికి పాలు పొంగి ఆమె లోపలికి పోయింది. ఇతరములు: లేవు, అని నేనే రాసుకున్నాను.

డిండోలి అప్పుడు పల్లె లెక్కలో ఉండేది కనుక దాని పాత రిజిస్టర్లు తాలూకా కచేరీ రికార్డు గదిలో ఉన్నాయి. రెండు బస్సులు మారి, సగం రోజు సెలవు పెట్టి వెళ్ళాను. చేతిలో రెండు పేజీల ఇంగ్లీషు దరఖాస్తు, అందులో ఏడు పేరాలు, ప్రతి పేరాకూ అంకె. రికార్డు గది చూసే పెద్దాయనను అందరూ 'కాకా' అనేవారు. ఆయన నా దరఖాస్తును రెండు వైపులా తిప్పి చూసి, గౌరవంగా నాలుగు మడతలు పెట్టి, ఒక రిజిస్టరులో పేజీ గుర్తుగా పెట్టుకున్నాడు.

"బేసో సాహెబ్, బేసో," అని స్టూలు చూపించి, "గామ్ డిండోలీ. వర్ష్?" అన్నాడు. ఊరు సరే, ఏడు చెప్పమని.

చెప్పాను. ఎర్రగుడ్డ మూట విప్పాడు. దుమ్ము లేచింది. ఇద్దరం తుమ్మాము. అక్షరం అక్షరం వేలితో వెతికాడు. "నామ్ నథీ, సాహెబ్." పేరు లేదు.

నేను నమ్మలేదు. నేను కట్టిన తేదీ తప్పయ్యే అవకాశం లేదు కనుక, వారి రిజిస్టరే తప్పయి ఉండాలని తీర్మానించాను. రెండు రోజుల తరవాత మళ్ళీ వెళ్ళి అంతకుముందు ఏడు వెతికించాను. మరోసారి ఆ తరవాతి ఏడు. ఇంకోసారి పక్క ఊళ్ళు. వెళ్ళిన ప్రతిసారీ ముందుగా ఒక 'జ్ఞాపిక', అంటే రిమైండరు, పోస్టులో పంపేవాణ్ణి. అది చేరకముందే నేనే చేరేవాణ్ణి. తరవాత ఆ జ్ఞాపిక వస్తే, కాకా దాన్ని నా ఎదుటే విప్పి, చదివి, నా వంక జాలిగా చూసి, కొత్త పేజీ గుర్తుగా వాడుకునేవాడు. ఐదో రాకకు ఆయన నాకు తన ఇంటినుంచి తెచ్చుకున్న ఢోక్లా పెట్టాడు. ఆరో రాకకు, "సాహెబ్, మీకు పెళ్ళయిందా?" అని హిందీలో అడిగాడు. కాలేదన్నాను. ఆయన తల పంకించి మళ్ళీ పేజీలు తిప్పాడు. ఆ ప్రశ్న ఎందుకడిగాడో అప్పుడు ఆలోచించి ఉంటే ఏడో రాక తప్పేది.

రోజూ సాయంత్రం నేను కింద మామకు నివేదిక సమర్పించేవాణ్ణి. గువ్వ తల్లి గుమ్మంలోకి వచ్చి, "సారూ, ఒక్క మాట…" అనేది. "నివేదిక పూర్తి కానివ్వండమ్మా," అనేవాణ్ణి. నా నివేదికలు పూర్తయ్యేసరికి ఆమెకు అన్నం దించే వేళయ్యేది. మామ మాత్రం భక్తితో వినేవాడు. "మా సారు సర్కారును గడగడలాడిస్తుండు," అని సాంచెల దగ్గర చెప్పుకునేవాడట. సర్కారు గడగడలాడలేదు. నేనే అలసి, చెప్పులరిగి, రుమాలు నిండా పాతకాగితాల దుమ్ముతో తిరిగి వచ్చేవాణ్ణి.

గడువుకు నాలుగు రోజులున్నాయనగా కాకా నాకొక కాగితం మీద గుజరాతీలో 'నమోదు దొరకలేదు' అని రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. ఆ కాగితాన్ని మామ చేతిలో పెట్టి, "నా ప్రయత్నంలో లోపం లేదు," అన్నాను. (ఈ వాక్యం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.)

మామ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇగ ఇడిసిపెట్టుండ్రి సారూ. మీరు జేయాల్సింది జేసిండ్రు. పిల్ల కిస్మత్‌ల లేదు. కండెలు సుట్టుకుంటది."

గువ్వ మూలన రాట్నం ముందు కూర్చుని ఉంది. ఇన్నాళ్ళూ నా ముందు నోరెత్తని పిల్ల, నూలు తెంపి లేచి నిలబడింది.

"సారూ, పదిహేను దినాల సంది సూస్తున్న. బాపును అడిగిండ్రు. కాకానడిగిండ్రు. పంచాంగం సుత అడిగిండ్రు. నన్ను కన్నది మా అవ్వ గదా! అవ్వనెందుకడగరు?"

"ఏయ్, సారుతోని గట్లనేనా మాట్లాడేది?" అని మామ కసిరాడు.

"నువ్వు ఊకో బాపూ. నేను పుట్టిన్నాడు నువ్వు యాడున్నవో చెప్పు ముందుగాల."

మామ గతుక్కుమన్నాడు. "పాళీల ఉన్న," అన్నాడు సన్నగా.

నేను కుర్చీలోంచి లేచి, గుమ్మం వైపు తిరిగి, జీవితంలో మొదటిసారి గళ్ళు లేని ప్రశ్న అడిగాను. "అమ్మా, మీరు చెప్పండి."

"ఏం జెప్పాలె సారూ! తొలుసూరు కానుపాయె. తొలుసూరుకు తల్లిగారింటికి వోకుంట ఎవలన్న ఉంటరా? ఏడో నెల్ల సీమంతం జేసి మా అన్న తోల్కపోయిండు. మా తల్లిగారిల్లు సలాబత్‌పురాల. ఆడ సర్కారు దవాఖానల పుట్టింది గువ్వ. ఈయన ఇరవై ఒక్కటో దినం నాడు కొత్త అంగీ ఏసుకొని సూడవచ్చిండు. డిండోలి మొఖం మేము అయిదో నెల్ల సూసినం."

"మరి డిండోలి అన్నావేం మామా?"

"నా బిడ్డ గదా సారూ! నా ఇల్లు యాడుంటే నా బిడ్డ ఊరు గదే గదా?" అన్నాడు మామ నిజాయితీగా. ఆయన దృష్టిలో ఆయన చెప్పింది తప్పు కాదు.

తప్పు నాది. సలాబత్‌పురా నగరంలోది, దాని రిజిస్టర్లు వేరు, కార్యాలయం వేరు, గది వేరు. అంతకన్నా సిగ్గుపడవలసింది ఇంకొకటి ఉంది. నేనూ తొలుసూరు బిడ్డనే. బడిలో చేరిన నాటి నుంచి ఉద్యోగంలో చేరిన నాటి దాకా ప్రతి దరఖాస్తులోనూ పుట్టిన ఊరు అన్నచోట మా అమ్మమ్మగారి ఊరు పేరు నా చేత్తోనే రాశాను. అంత చదువుకున్నవాడికి, లోకంలో ఇతరులకు కూడా అమ్మమ్మలుంటారన్న సంగతి తట్టలేదు. పెళ్ళయిందా అని కాకా ఎందుకడిగాడో అప్పుడర్థమైంది.

మర్నాడు ఉదయం నగర రికార్డు కార్యాలయానికి ముగ్గురం వెళ్ళాం: గువ్వ, ఆమె తల్లి, దస్త్రం మోస్తూ నేను. బల్ల దగ్గరికి వెళ్ళి నేను గొంతు సవరించుకున్నాను. అక్కడి గుమాస్తా ఒక నడివయసు గుజరాతీ ఆవిడ. నన్ను దాటి వెనక్కి చూసి, "బోలో బెన్," అంది. అమ్మా, నువ్వు చెప్పు అని.

గువ్వ తల్లి హిందీ, గుజరాతీ, తెలంగాణ తెలుగు కలిపి చెప్పుకుపోయింది: ఏ దవాఖాన, ఏ వార్డు, పక్క మంచం మీద ఎవరున్నారు, ఏ నర్సమ్మ కొట్టినంత పని చేసింది, రాయించడానికి తన అన్న ఏ చొక్కాతో వెళ్ళాడు. ఆ గుమాస్తా నవ్వుతూ, "మేరే కో భీ పహలా మాయకే మే హీ హువా," అంటూ రిజిస్టరు తీసింది. తనకూ మొదటి కాన్పు పుట్టింట్లోనేనట. నేను తెప్పించుకున్న టీ చల్లారక ముందే పేజీ దొరికింది. తండ్రి పేరు సరిగానే ఉంది, చిరునామా సలాబత్‌పురాలోని తాతగారిది, రాయించినవాడు మేనమామ, బిడ్డ పేరు చోటు ఖాళీ. తేదీ మాత్రం నేను పంచాంగం కట్టి తేల్చినదే. ఆ ఒక్కటీ సరిపోయింది.

ఖాళీగా ఉన్న చోట పేరు చేర్చడానికి తల్లి సంతకం కావాలన్నారు. ఆమె పెన్ను పట్టుకుని, నాలుక పళ్ళ మధ్య బిగించి, నిదానంగా తన పేరు రాసింది. గుమాస్తా నన్ను చూపించి, "ఈయన మీకేమవుతారు?" అని అడిగింది.

"మా మేడ మీద కిరాయికుంటడు," అంది గువ్వ తల్లి హిందీలో. కాస్త ఆలోచించి, "మంచోడే," అని చేర్చింది.

నకలు రెండో రోజు చేతికొచ్చింది. గడువు ఇంకా ఒకరోజు ఉండగానే గువ్వ దాన్ని సమర్పించి వచ్చింది. ఆ సాయంత్రం మామ పాళీ నుంచి నేరుగా ముగ్గురు తోటి కార్మికుల్ని వెంటబెట్టుకు వచ్చాడు. "ఈ సారే! పది దఫాలు తాలూకా కచేరీకి వొయ్యిండు. పట్టు వట్టిండంటే ఇడిసిపెట్టడు. మీ పిల్లలయి సుత ఈయననే అడుగుండ్రి," అన్నాడు గర్వంగా. నేను నోరు తెరిచాను. గుమ్మంలో నిలబడి గువ్వ తల్లి నా వంక చూస్తోంది. ఆమె కళ్ళలో నవ్వు తప్ప అభియోగమేమీ లేదు. వాళ్ళు ముగ్గురూ నాకు చేతులెత్తి మొక్కారు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. ఆ మరుసటి ఆదివారం నుంచి మేడ మెట్ల మీద జనం తమ కాగితాలు పట్టుకుని కూర్చోవడం మొదలైంది; అది పదకొండేళ్ళు సాగింది.

ఇరవై నాలుగేళ్ళ ఆ యువకుడు అప్పుడప్పుడు నాకు గుర్తుకొస్తాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో దస్త్రం, నగర కార్యాలయం వరండాలో ఆడవాళ్ళిద్దరి వెనుక నిలబడి, తన వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాడు. వాడి మీద ఒకప్పుడు కోపం వచ్చేది. ఇప్పుడు రావడం లేదు. కూర్చోవడానికి వాడికెవరూ కుర్చీ వేయలేదే అని మాత్రం అనిపిస్తుంది.

ఇది నా జ్ఞాపకం మీద ఆధారపడి రాసినది. సాక్ష్యంగా నా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు. కచేరీ పద్ధతులలో, రోజుల లెక్కలో, ముఖ్యంగా తెలంగాణ వారి మాటను నేను రాసిన తీరులో పొరపాట్లుంటాయి. తెలిసినవారు, అందులోనూ ఆ వీధిలో కాపురమున్న ఆడవాళ్ళు, దయచేసి దిద్దండి. తోచింది తోచినట్టు చెప్పండి. వరుస తప్పినా ఫరవాలేదు.