నాటకం మధ్యలో ఇచ్చిన అద్దె గది

“మధ్యలో మాట్లాడకే, డైలాగులు వినపడటం లేదు.”

“నేను చెప్పకపోతే తలుపు వెనక దొంగ ఉన్నాడని ఆ పిల్లకెలా తెలుస్తుందండీ?”

మా ఆయనా నేనూ ఆఖరుగా అనుకున్న మాటలివే. టీవీలో సీరియల్ వస్తోంది. ఆయన విసుక్కుని కళ్లు మూసుకున్నారు. అలిగారనుకుని నేను సీరియల్ పూర్తిగా చూశాను. ఆయన మళ్లీ కళ్లు తెరవలేదు.

ఇది రాస్తున్నది మా చెల్లెలి మనవరాలు. నాకు సంతకం వరకే వచ్చు. కెనడాలో మా స్కార్‌బరోలో ఏ బస్సు చూసినా కాలేజీకి వచ్చిన మన పిల్లలే నిండిపోయిన రోజుల్లో ఇదీ వచ్చి మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న పిల్లలతో చేరింది. చదివేది కంప్యూటర్లే గానీ, హ్యుమానిటీస్‌లో కూడా ఒక కోర్సు పాసవ్వాలట. నల్లజాతివాళ్ల నాటకాల కోర్సు సులువనుకుని తీసుకుంది. చివర్లో తనే స్టేజీ ఎక్కాలని చూసుకోలేదు.

“అమ్మమ్మా, ఇది పోతే ఇంకో సెమిస్టర్ కూర్చోవాలి. చూడ్డానికి రా, కానీ నోరెత్తకు,” అంది.

“నేనెప్పుడు ఎత్తానే?”

“నిన్న బస్సులో డ్రైవర్‌కి దారి చెప్పావు.”

నాటకంలో ఒక నల్లజాతి అమ్మాయి పెట్టె పట్టుకుని అద్దె గది కోసం ఇల్లిల్లూ తిరుగుతుంది. బయట బోర్డు ఉంటుంది. ఈమె మొహం చూడగానే గది లేదంటారు. మేమూ ఈ దేశం వచ్చిన కొత్తలో ఆ మాట విన్నవాళ్లమే. మూడో ఇంటి తలుపు తీసిందెవరనుకున్నారు? మా మనవరాలు, నా నీలం శాలువా కప్పుకుని!

“సారీ, నో రూమ్,” అంది.

నాకు ఒళ్లు మండింది. అసలే బొంగురు గొంతేమో, హాలంతా మోగింది.

“అబద్ధాలాడకే! మన బేస్‌మెంట్‌లో ఒక మంచం ఖాళీగానే ఉంది కదా! రామ్మా, కమ్, కమ్!”

మనవరాలు తలుపు పట్టుకునే గోడ వైపు తిరిగిపోయింది. దాని సెమిస్టర్ నా నోటితోనే పోయిందనుకున్నాను. ఆ అమ్మాయి మాత్రం పెట్టెతో సహా స్టేజీ దిగి నా ముందుకొచ్చి నిలబడింది.

“హౌ మెనీ పీపుల్, వన్ బాత్‌రూమ్?”

“సిక్స్. లాండ్రీ సండే ఓన్లీ.”

హాలు గొల్లుమంది. “హీటింగ్ సంగతి అడుగు!” అని వెనక నుంచి మన కుర్రాడెవడో అరిచాడు. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు కూడా తలా ఒక మాట అందుకున్నారు.

అయిపోయాక ప్రొఫెసరమ్మ నా దగ్గరికొచ్చింది. ఆవిడా నల్లజాతి మనిషే. ఆవిడ చెప్పింది మనవరాలు నాకు తెలుగులో చెప్పింది. “ఈ నాటకాలకి హాలు కూడా బదులివ్వాలని సెమిస్టరంతా మొత్తుకున్నాను. అందరూ నోట్సు రాసుకున్నారు. బదులిచ్చింది మాత్రం మీరే.”

మనవరాలు పాసైంది. కాకపోతే స్టేజీ మీద నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగినందుకు కొన్ని మార్కులు కోసేశారు. దానికి ఈరోజుకీ నన్నే తిడుతుంది. ఆ తిట్లు ఇందులో రాసిందో లేదో నాకేం తెలుసు?

ఏదీ తల్లీ, మొదట్నించీ ఒకసారి చదివి వినిపించు. నేను మధ్యలో మాట్లాడతాను, నువ్వు ఆపకు.