వెనక అద్దం చుట్టూ వెండి గీత

మా బావ పోయాడని అక్క ఫోన్ చేసేసరికి నేను గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద, రెండు ఆఫీసు బస్సుల మధ్య ఇరుక్కుని ఉన్నాను. పొద్దున టీ కోసం కుర్చీలో కూర్చున్నాడట. టీ వచ్చేసరికి మనిషి లేడు. గుండె అన్నారు. అక్క ఏడవలేదు. "జల్ది రా తమ్మీ" అని మాత్రం అంది. నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు, కోపం. వచ్చే ఆదివారం వెనక అద్దం పని పెట్టుకున్నాం. దానికి కావలసిన వెండి రంగు సీసా నేనే తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. బతికినన్నాళ్ళూ ఏ పనీ తొందరగా చేయని మనిషి, ఇదొక్కటి మాత్రం ఎవరినీ అడగకుండా ఇంత తొందరగా చేసేశాడు.

మా వైపు బావాబామ్మర్దులు మర్యాదగా మాట్లాడుకుంటే ఊరికి అనుమానం వస్తుంది, ఇద్దరి మధ్యా ఏదో పంచాయితీ ఉందని. మేము ఎవరికీ ఆ అనుమానం రానివ్వలేదు. ఆయన ఉద్యోగమంతా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జిగా గడిచింది. ఏ బస్సు ఏ గేటు దగ్గర ఆగాలో, ఏ క్యాబ్ ముందు ఎవరిని దింపాలో అంతా ఆయనే చెప్పేవాడు. ఆయనకు మాత్రం కారు నడపడం రాదు. తెల్లాపూర్ అంతా ఇంకా ఖాళీ చేలుగా ఉన్న రోజుల్లో నేర్చుకోవడానికి అక్కడికి తీసుకెళ్ళాను. అంత ఖాళీలో ఉన్న ఒకే ఒక కరెంటు స్తంభాన్ని వెతుక్కుని మరీ గుద్దాడు. మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు.

రిటైరయ్యేటప్పుడు ఆఫీసు పిల్లలు ఏం కావాలని అడిగితే, గోడ గడియారం తప్ప ఏదైనా సరే అన్నాడట. ఆయన బల్ల అద్దం కింద ఎప్పటినుంచో ఒక కారు బొమ్మ ఉండేది. ఎప్పుడో అరవైల నాటి ఇంగ్లండు కారు, పొడుగు ముక్కు, కురచ వెనక, రెండే సీట్లు. పిల్లలు అది గుర్తుపెట్టుకుని, ఆ కారే, జానెడు పొడుగున, విడి ముక్కలుగా డబ్బాలో వచ్చేది తెప్పించి ఇచ్చారు. ముక్కలన్నీ మనమే అతికించి, రంగులేసి కారు చేసుకోవాలి. డబ్బా తెరిచిన రోజు నేను అక్కడే ఉన్నాను. ప్లాస్టిక్ చట్రాల నిండా చిక్కుడు గింజ నుంచి ఆవగింజ దాకా రకరకాల సైజుల్లో ముక్కలు. ఎలా చేయాలో రాసిన కాగితం మొత్తం జపాను భాషలో ఉంది. బావా, ఇది మన వల్ల అయ్యే పని కాదన్నాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మన ఊరి బళ్ళె ఇంగ్లీషు గూడ గిట్లనే కనవడె. పాస్ కాలేదా మనం?"

నా అంచనా రెండు ఆదివారాలు. మొదటి రెండు ఆదివారాలు ఆయన ముక్కల్ని సబ్బునీళ్ళలో కడిగి ఆరబెట్టడానికే సరిపోయాయి. ఆ తరువాత ఇంజను. అది అతికించి, బానెట్ మూసేస్తే ఇక ఎవరికీ కనబడని ఇంజను. దానికి ఆయన పాడైపోయిన ఇయర్‌ఫోన్ వైరు చీల్చి, అందులోని వెంట్రుకంత తీగలు తీసి, ఒక్కొక్కటి దాని చోట అమర్చాడు. కారు లోపల నేలకు పరచడానికి అక్క నగల డబ్బాలోని మఖమల్ గుడ్డ కోశాడు. అక్కకు ఆ సంగతి చుట్టాల పెళ్ళికని గొలుసు తీస్తున్నప్పుడు తెలిసింది. నేను మధ్యాహ్నం భోజనం మానుకుని కూర్చుని చూసేవాడిని. నాకు ఓపిక నశించేది.

"ఎవడు చూస్తడు బావా దీన్ని?"

"నువ్వు చూస్తున్నవ్ గద."

ఇక రంగు. ఆ కారుకు మీగడ రంగే వేయాలని ఆయన పట్టు. నల్లగండ్లలో వాళ్ళ అపార్ట్‌మెంట్ పక్కనే కొత్త టవర్లు లేస్తున్నాయి. ఎండాకాలం వేస్తే ఆ దుమ్మంతా వచ్చి తడి రంగు మీద కూర్చునేది. వానాకాలం వేస్తే గాలిలో తేమకు రంగు మెరుపు పోయి, ఆవిరి పట్టిన అద్దంలా మసకబారేది. రెండూ కాని రోజుల్లో చుట్టాలు వచ్చేవారు. వేసిన ప్రతిసారీ ఆయన కారును వెలుతురులో తిప్పి తిప్పి చూసి, నాకు కనబడని నలుసు ఏదో కనిపెట్టి, గీకెయ్ బామ్మర్ది అనేవాడు. ఎమిరీ కాగితం నీళ్ళలో ముంచి గీకడం నా పని. ఎన్నిసార్లు గీకానో గానీ, నా వేలిముద్రలు అరిగిపోయి ఒకసారి ఆధార్ మిషను నన్ను గుర్తుపట్టలేదు. ఈ మాట అంటే ఆయన, అంతకుముందు మాత్రం నిన్ను ఎవరు గుర్తుపట్టారన్నాడు.

బాల్కనీలో స్ప్రే కొడుతుంటే ఒకరోజు అసోసియేషన్ సెక్రటరీ వచ్చాడు. కాకినాడ వైపాయన, చాలా మర్యాదస్తుడు.

"సార్, ఈ వాసనేంటండి? కింది ఫ్లోర్ వాళ్ళు గ్యాస్ లీకైందనుకుని పిల్లల్ని తీసుకుని రోడ్డు మీదకి వెళ్ళిపోయారండి."

ఆ రోజుతో కార్ఖానా బాత్రూమ్‌లోకి మారింది. వేడినీళ్ళు వదిలి, ఆవిరికి దుమ్మంతా కిందికి దిగి, ఆ ఆవిరి కూడా పోయేదాకా ఆగేవాడు. బనియన్ నూలు రాలుతుందని అదీ విప్పి, ఒట్టి లుంగీతో నిలబడి స్ప్రే కొట్టేవాడు. నేను తలుపు బయట కాపలా. అక్క తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, నేను స్నానం చేయాలా వద్దా, మీ ఇద్దరికీ బాత్రూమ్ రాసిచ్చానా అని అరిచేది. లోపలి నుంచి ఒకటే జవాబు. "ఎండనీయ్."

అది ఆయనకు అన్నిటికీ పనికొచ్చే మాట. రంగుకు అదే, అక్క కోపానికి అదే, నా కూతురు పెళ్ళి సంబంధం తప్పిపోయి నేను వాళ్ళింట్లో గోడకేసి చూస్తూ కూర్చున్నప్పుడు కూడా అదే. నాకు అప్పుడు ఒళ్ళు మండింది. మనిషి బాధలో ఉంటే రంగు డబ్బా మీద రాసే మాట చెప్తాడేంటని. తరువాత ఆ సంబంధం పోవడమే మంచిదైంది. ఆ సంగతి ఆయన నాకు ఎప్పుడూ గుర్తు చేయలేదు. బావల్లో అలాంటివాళ్ళు అరుదు.

ఈ మధ్యలో ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట దాచాడు. చెయ్యి జేబులో పెట్టుకుని తిరిగేవాడు, ఇంట్లో కూడా. నేను అదేదో కొత్త స్టైల్ అనుకుని ఎగతాళి చేశాను. తరువాత డాక్టరు చెప్పాడు, ఇది వణుకుడు రోగం, తగ్గేది కాదు, మందులతో నెమ్మదిస్తుంది అంతే. బావ డాక్టరును అడిగింది ఒకటే ప్రశ్న, ఈ చెయ్యి ఇంకా ఎన్నాళ్ళు పనికొస్తుందని. డాక్టరు చెప్పలేనన్నాడు. అప్పటినుంచి ఆయనకు ఒకటే పట్టుదల, చెయ్యి పూర్తిగా మొండికేసేలోపు ఆ కారు తన చేత్తోనే పూర్తి చేయాలి. నన్ను బ్రష్ ముట్టుకోనివ్వలేదు. పొద్దున మాత్ర వేసుకున్నాక కాసేపు చెయ్యి మాట వినేది. ఆ కాసేపే పని. నేను తొందరపెడితే పని ఆపి టీ తాగేవాడు. నా మీద కోపం చూపించే పద్ధతి అది.

దసరాకు ముందు ఒకరోజు రంగు కుదిరింది. నేనే నమ్మలేకపోయాను. నలుసు లేదు, గీత లేదు. వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. గీకెయ్ అనలేదు. పూర్తిగా గట్టిపడేదాకా ముట్టుకోవద్దని షెల్ఫు మీద పెట్టాడు. పండగ నాడు మేమిద్దరం కూరగాయలకు వెళ్ళి వచ్చేసరికి, అక్క ఆయుధపూజ చేసేసింది. కుట్టుమిషనుకు, మిక్సీకి, నా స్కూటరుకు, దాంతో పాటు ఆ కారుకు కూడా. బానెట్ మీద తడి పసుపు, మధ్యలో కుంకుమ, ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు. నిమ్మకాయలు కారు కంటే ఎత్తుగా ఉన్నాయి. తుడిచాం. గట్టిపడని రంగులోకి పసుపు దిగిపోయింది. మీగడ రంగు బానెట్ మీద పచ్చటి మచ్చ, వేలి గోరంత.

నేను ఎమిరీ కాగితం కోసం వెతకడం మొదలుపెట్టాను. ఇక ఇంకో ఏడాది అనుకున్నాను. అక్క వంటింట్లోకి వెళ్ళాక బావ నన్ను ఆగమన్నాడు. చెయ్యి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. అది బల్ల మీద కూడా కుదురుగా లేదు.

"చెయ్యి మాట ఇంటలేదు బామ్మర్ది. మళ్ళ ఏస్తే ఇంత మంచిగ రాదు. ఇగ ఇదే ఆఖరు."

నేను వేస్తానన్నాను. తల అడ్డంగా ఊపాడు. మీ అక్కకు చెప్పకు, తనవల్లే పాడైందనుకుంటుంది అన్నాడు. బయటికి వెళ్ళి అక్కతో, బొట్టు పెట్టకుండా బండిని ఎవరైనా రోడ్డెక్కిస్తారా, మంచి పని చేశావన్నాడు. అక్క నమ్మింది. నమ్మిందనే మేము అనుకున్నాం.

మిగిలింది కిటికీల చుట్టూ వెండి గీత. అసలు కారులో అది మెరిసే లోహపు అంచు. ఈ జానెడు కారులో దారప్పోగంత సన్నంగా, ఒక్క ఊపిరిలో గీయాలి. ఆయన చెయ్యికి అది సాధ్యం కాదు. నన్ను గీయనివ్వడు. కొన్ని ఆదివారాలు ఊరికే కారును చూస్తూ కూర్చున్నాం. నాకు విసుగు పుట్టి, మరేం చేద్దాం బావా, బ్రష్‌ను కాలితో పట్టుకుంటావా అన్నాను. అప్పుడు అన్నాడు, నా మణికట్టు పట్టుకో అని.

రెండు చేతులతో పట్టుకున్నాను, చెరుకుగడ పట్టుకున్నట్టు. నా మోచేతులు బల్లకు ఆనించి, ఆయన చెయ్యి కదలకుండా బిగించాను. ఆయన వేళ్ళు మాత్రం కదిపాడు.

"నీ నాడి కొట్టుకుంటుంది. జర ఆపు."

"నాడి ఆపితే నన్ను మొయ్యనీకి నలుగురు గావాలె బావా."

నవ్వు ఆపుకోలేక గీత పోయింది. తుడిచి మళ్ళీ మొదలు. ఆదివారానికి ఒక అద్దం కూడా అయ్యేది కాదు. గట్టిగా పట్టుకుంటే నొప్పి అనేవాడు, వదులు చేస్తే పశువును కట్టేసినట్టు పట్టుకో అనేవాడు. నా నడుము పట్టేసేది. ఆఫీసులో జీతమిచ్చే మనిషి దగ్గర కూడా నేను ఇన్ని తిట్లు పడలేదు. అలాగే ముందు అద్దం అయింది, పక్క అద్దాలు రెండూ అయ్యాయి. అయినప్పుడల్లా ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, ఎర్రగా కమిలిన మణికట్టును రుద్దుకుంటూ, తృప్తిగా నన్నే తిట్టేవాడు. ఇక వెనక అద్దం ఒక్కటే. దానికి వెండి రంగు అయిపోయింది. అందుకే నేను ఆ కొత్త సీసా తెచ్చి పెట్టింది.

శవం ఇంట్లో ఉన్న రోజు ఎవరో దూరపు చుట్టం, ఆ బొమ్మ కారు తన మనవడికిచ్చి వాడి ఏడుపు మాన్పించండి అన్నాడు. నేను కారు తీసి బీరువా మీద పెట్టాను. కొన్ని తిట్లు వచ్చాయి గానీ, చావింట్లో నవ్వకూడదు, తిట్టకూడదు. నాకు వచ్చేవి ఆ రెండే కాబట్టి ఆ రోజంతా మాట్లాడకుండా ఉన్నాను.

పెద్దకర్మ అయిపోయి చుట్టాలు వెళ్ళాక, పొద్దున పూట అక్క ఆ కారును దింపి బల్ల మీద పెట్టింది. బ్రష్ కడిగి తెచ్చింది. ఆయన పని చేసే గంట అదే. వెనక అద్దం నన్ను వేయమంది.

"నాకు రాదక్కా. నేను చెయ్యి పట్టుకునేటోన్ని."

ఆమె కాసేపు బానెట్ మీది మచ్చ వైపు చూసింది.

"నేను పసుపు పెట్టకపోతే ఎప్పుడో అయిపోతుండె గదరా."

అంటే ఆమెకు అప్పటినుంచీ తెలుసు. మేమిద్దరం దాచామనుకున్నది ఆమె మా దగ్గర దాచింది. నాకు ఆ మనిషి మీద మళ్ళీ కోపం వచ్చింది, ఈ జవాబు కూడా నా నెత్తిన వేసి పోయినందుకు. అయితే ఆలోచిస్తే జవాబు కష్టమైనది కాదు.

"నువ్వు పసుపు పెట్టినవనే గీకుడు ఆపిండక్కా. లేకుంటే ఇంకో నలుసు దొరికేది, నేను ఇప్పటికీ గీకుతనే ఉందును."

అక్క నవ్వలేదు. కానీ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. బ్రష్ తీసి సీసాలో ముంచింది. కారు దగ్గరికి తెచ్చేసరికి ఆమె చెయ్యి వణుకుతోంది. ఆమెకు ఏ రోగమూ లేదు. నేను ఎదురుగా కూర్చుని, మోచేతులు బల్లకు ఆనించి, రెండు చేతులతో ఆమె మణికట్టు పట్టుకున్నాను. గీత ఎడమవైపు మూల నుంచి మొదలైంది. మధ్యలో కాస్త లావైంది, చివర్లో కాస్త పక్కకు పోయింది. తుడవాలా అన్నట్టు నా వైపు చూసింది. వద్దన్నాను.

బ్రష్ పక్కన పెట్టి ఆమె కారునే చూస్తూ ఉంది. వెండి గీత ఇంకా తడిగా మెరుస్తోంది. అక్క చెయ్యి నా చేతుల్లోనే ఉంది, ఆమె తీసుకోలేదు, నేను వదలలేదు.