సర్టిఫికెట్ లేని లినక్స్ సారు

ఒక్క పాత డబ్బా కంప్యూటర్‌లో నలభై కంప్యూటర్లను కాపురం పెట్టించి, సాయంత్రానికి అన్నింటికీ అన్నం తినిపించిన మొనగాడు మా సిద్ధిరాములు.

సిరిసిల్ల నుంచి వచ్చి, అమీర్‌పేటలో ఏడేళ్లుగా లినక్స్ సర్టిఫికెట్ పరీక్షకు పిల్లల్ని తయారుచేస్తున్నాడు. బోర్డు మీద పెట్టెలో పెట్టె గీసి, కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ నడుస్తుందనీ, దాన్నే వర్చువల్ మిషన్ అంటారనీ చెబుతుంటే వెనక బెంచీలు నోరు తెరిచేవి. ఒకటే లోపం. ఆ సర్టిఫికెట్ ఆయనకే లేదు. నేను మూడో సెమిస్టర్‌లోనే ఇంజినీరింగ్ కాలేజీని డిస్మిస్ చేసి బయటికొచ్చి, పాఠం కోసం ఆయన వెనక బెంచీలో చేరినవాణ్ణి. నాకు కాగితాల మీద గౌరవం లేదు. కాగితం కోసం వణికేవాళ్ల మీద అసలే లేదు.

ఇన్‌స్టిట్యూట్ ఓనరు రఘురామ్ ఒకరోజు తేల్చేశాడు. "సిద్ధిరాములు గారూ, శనివారంలోపు సర్టిఫికెట్ చూపించండి. లేదంటే మీ బ్యాచ్ మంజూషకి ఇచ్చేస్తాను. ఆవిడకి ఉందండీ."

అంతే, సారు సిగ్గు విడిచి తన శిష్యుల దగ్గరే డంపు అడుక్కున్నాడు. డంపంటే పాత పరీక్షల ప్రశ్నలు, జవాబులతో సహా. ఎవడు రాశాడో తెలియదు, అయినా అమీర్‌పేట మొత్తం బట్టీ పడుతుంది.

శుక్రవారం పంజాగుట్టలో, పరీక్ష కేంద్రం మెట్ల మీద డంపు కాగితం చదువుతున్న సారును పట్టుకున్నాను.

"అన్నా, కోడ్ అందరికీ తెరిచిచ్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అమ్ముకోవచ్చా?"

"అమ్ముకోవచ్చురా. లైసెన్స్ షరతులు పాటిస్తే సాలు."

"మరి ఈ డంపు కాగితంల అమ్మద్దని జవాబు ఉన్నది గదా?"

కాగితం వంక చూశాడు. గొంతు తగ్గింది. "గా డంపు రాసినోడు పాసైండు గదరా. నేను కాలే."

గంటన్నరకు ఫెయిలై దిగొచ్చాడు. సోమవారం ఆయన బ్యాచ్‌కు మంజూష పాఠం మొదలుపెట్టింది.

నేనూరుకుంటానా? ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల కింద చాయ్ తాగే ప్రతివాడికీ చెప్పాను: ఏడేళ్లు తాను చెప్పిన జవాబును కాదని, ముక్కూమొహం తెలియనివాడి తప్పు జవాబు నొక్కి కొలువు పోగొట్టుకున్న పిరికివాడు, అని. వారం తర్వాత సారే అక్కడికొచ్చాడు. మార్కుల కాగితం తీసి నా చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు.

"లైసెన్సుల పాఠంల నూటికి నూరు వచ్చినయ్‌రా. నేను చెప్పేదే కొట్టిన. వర్చువల్ మిషన్ల కాడ సున్న, నడిపినోళ్లకే తెలిసే ప్రశ్నలడిగిండ్రు. మన ల్యాబుల కంప్యూటర్లకు గంత దమ్ము లేదు. బోర్డు మీద గీసుడే తప్ప, నేను ఇప్పటిదాక ఒక్కటి సుత నడపలే."