మూసిన ఇళ్ళలో కాపురం

నాగదుర్గ నాకు జాకెట్లు కుడుతుంది. గొప్పగా కుడుతుందని చెప్పను. చంకల దగ్గర బిగించేస్తుంది, అదేంటమ్మా అంటే "మీరే కాస్త ఒళ్ళు చేశారండి" అంటుంది. అయినా ఆమె దగ్గరికే వెళ్తాను. మా రాజమండ్రిలో ఆమె చేతికి గుడ్డ ఇవ్వడానికి భయపడే ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. మొదట వాళ్ళ మీద కోపంతో వెళ్ళాను, తర్వాత అలవాటైపోయింది. నాకు కోపం కాస్త ఎక్కువని మా ఇంట్లో అంటారు. ఇది విన్నాక ఎక్కువో తక్కువో మీరే చెప్పండి.

వాళ్ళది ఉప్పాడ. భర్త బుజ్జిబాబు ఏసీ మెకానిక్. తాతా తండ్రీ సముద్రం మీద వేటకి వెళ్ళినవాళ్ళే గానీ, ఇతనికి పడవెక్కితే వాంతులు. అందుకని ఏసీల పని నేర్చుకుని హైదరాబాదు వెళ్ళాడు. పెళ్ళయ్యాక నాగదుర్గా అక్కడికే వెళ్ళింది. ఇద్దరూ సంపాదించినదంతా ఇంటి అద్దెకే చాలేది కాదు. ఊరికి తిరిగొచ్చేద్దామంటే ఊళ్ళో ఇల్లు లేదు. ముందు వీధిని, ఆ తర్వాత వాళ్ళ ఇంటిని కూడా సముద్రం లాక్కుపోయింది. చవగ్గా బతకడానికి ఏ ఊరు బాగుంటుందని మొగుడూ పెళ్ళాం కూర్చుని ఆలోచించుకున్నారు. విశాఖపట్నంలో అద్దెలు హైదరాబాదుకి తీసిపోవు. కాకినాడ దగ్గరే గానీ, గ్యాసు కంపెనీల వాళ్ళొచ్చాక అక్కడ మామూలువాళ్ళకి ఇల్లు దొరకడం లేదు. నరసాపురంలో నాగదుర్గ పిన్ని లేసు అల్లుకుంటూ బతుకుతోంది, ఇళ్ళు చవక, కాకపోతే ఏసీలు తక్కువ. రాజమండ్రిలో ఎండలూ ఎక్కువే, ఏసీలూ ఎక్కువే, అద్దెలు ఫరవాలేదన్నారు. సరే, రాజమండ్రి అనుకున్నారు.

ఊరు ఎంచుకున్నంత తేలిగ్గా ఇల్లు దొరకలేదు. "ఏ ఊరమ్మా మీది?" అని ఇంటివాళ్ళు ఎంతో మర్యాదగా అడిగేవారు. ఉప్పాడ అనగానే "అయితే చేపలు వండుతారుగా" అనేవారు. ఆ మాటతో ఆ ఇల్లు హఠాత్తుగా ఎవరో మేనల్లుడికి కావాల్సొచ్చేది. రాజమండ్రిలో అంతమంది మేనల్లుళ్ళున్నారని నాకు అప్పటిదాకా తెలీదు. చివరికి ఊరి చివర ఒక రేకుల గదిలో చేరారు. ఎండాకాలం ఆ గదిలో కూర్చుని ఊరందరి ఏసీల గురించి మాట్లాడుకునేవారట.

ఆ రోజుల్లోనే దానవాయిపేట నుంచి విశ్వనాథ్ అనే లెక్చరరు బుజ్జిబాబుకి ఫోన్ చేశాడు. ఏసీలు విప్పి వేరే ఇంట్లో బిగించాలి. ఏమైందంటే, ఆయన తల్లి మాణిక్యాంబగారు ధనిష్ఠా నక్షత్రంలో పోయారు. ధనిష్ఠలో ప్రాణం పోతే ఇంటికి దోషం, ఆరు నెలలు ఇల్లు ఖాళీ చేసి తాళం వెయ్యాలి. ఇంకొన్ని నక్షత్రాలకి మూడు నెలలు. దీన్నే పంచకం అంటారు. ఎంత చదువుకున్నవాళ్ళయినా మా వైపు దీన్ని మాత్రం దాటరు. ఏసీ విప్పుతూ బుజ్జిబాబు, "వానాకాలం ఇల్లు మూసేస్తే చెదలు పట్టేస్తాయండి, ఎలకలు వైర్లు కొరికేస్తాయి" అన్నాడు. విశ్వనాథ్ నిట్టూర్చి, "ఉండమంటే మాత్రం ఎవరుంటారయ్యా?" అన్నాడు. బుజ్జిబాబు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, "మేముంటామండి" అన్నాడు.

పురోహితుణ్ణి అడిగారు. దోషం గోత్రీకులకే గానీ బయటివాళ్ళకి కాదని ఆయన తేల్చాడు. దోషానికి కూడా ఎవరు ఏమిటో తెలుసన్నమాట. ఆవిడ పోయిన గదికి తాళం వేసి, మిగతా ఇల్లు వీళ్ళకి అప్పగించారు. అద్దె లేదు, కరెంటు బిల్లు కట్టుకుంటే చాలు, చేపలు మాత్రం వండకూడదు. నాగదుర్గ మొదటి రోజంతా ఏడ్చిందట. వాళ్ళ ఊళ్ళోనూ పంచకం అంటే తెలుసు, భయం కూడా ఉంది. కానీ రేకుల గదిలో పడ్డ అవస్థ అంతకంటే దగ్గరగా ఉంది.

మూడో నాడు దీపాలు పెట్టే వేళకి తాళం వేసిన గదిలోంచి పాట వినబడింది. చిన్న పాట, ముక్కు నొక్కుకుని పాడినట్టుంది. కాసేపు పాడి ఆగింది. బుజ్జిబాబు తలుపుకి చెవి ఆనించి, ఫోనులో అలారం అన్నాడు. నిజమే. మాత్రలు వేసుకోవడం మరిచిపోకుండా మాణిక్యాంబగారు పెట్టుకున్న అలారం అది. చార్జింగులో పెట్టిన ఫోను మంచం వెనక ఎక్కడో ఉండిపోయింది. తాళంచెవి విశ్వనాథ్ దగ్గర, ఆయన ఆ గుమ్మం తొక్కకూడదు. దాంతో రోజూ ఆ వేళకి, ఖాళీ గదిలో, లేని మనిషిని మాత్రలు వేసుకోమని ఆ ఫోను పిలుస్తూనే ఉంది.

"కొన్నాళ్ళకి నేను జవాబు చెప్పడం మొదలెట్టానండి" అంది నాగదుర్గ నాతో.

"ఏమని?"

"వేసుకున్నానండీ అని. అనకపోతే ఆవిడ ఎదురుచూస్తున్నట్టుండేది."

ఒకసారి గాలివానకి రెండు రోజులు కరెంటు లేదు. ఫోను చచ్చిపోయింది కాబోలు, ఆ తర్వాత పాట రాలేదు. ఆ సాయంత్రం ఆ తలుపు ముందు కూర్చుని, సొంత మనిషి పోయినట్టు ఏడ్చానని చెప్పింది.

ఆరు నెలలయ్యాక విశ్వనాథ్‌ వాళ్ళు శాంతి చేయించుకుని ఇంట్లోకొచ్చారు. ఈలోపు పురోహితుడే ఇంకో ఇంటివాళ్ళకి బుజ్జిబాబు నంబరిచ్చాడు. ఏసీ విప్పడానికీ, ఇల్లు కనిపెట్టుకోవడానికీ ఒకే నంబరు. అక్కణ్ణుంచి మూడో ఇల్లు. చవకే చవక. చవకైన ఊరు కావాలనుకున్నారు, ఇంతకంటే చవగ్గా ఈ ఊళ్ళో ఎవరూ బతకడం లేదు.

"పోయినవాళ్ళంటే భయం కాదండి, వాళ్ళ అలవాట్లంటే భయం" అనేది నాగదుర్గ. ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు నేలకేసి చూసేది. మంచం కోళ్ళు ఏళ్ళ తరబడి ఒకేచోట ఆని, నేల మీద నాలుగు మచ్చలు పడి ఉండేవి. ఆ నాలుగు మచ్చల మధ్య చాప వెయ్యకూడదని ఆమె నియమం. రెండో ఇంట్లో మధ్యాహ్నం ఒక పిల్లి వచ్చి, సరిగ్గా ఆ నాలుగు మచ్చల మధ్య కూర్చుని ఆమె తలకి కాస్త పైకి చూస్తూ ఉండేది. మూడో ఇంటి వరండాలో పోయినాయన కూర్చునే కుర్చీ ఉండేది. ఎదురింటి పెద్దాయన రోజూ పొద్దున్నే అలవాటుగా ఆ కుర్చీకేసి చెయ్యెత్తేవాడు. అందులో నాగదుర్గ కనబడగానే చెయ్యి దించేసుకుని లోపలికి పోయి తలుపేసుకునేవాడు.

ఒకరోజు ఆమె బియ్యం ఏరుకుంటూ ఏదో కూనిరాగం తీస్తుంటే, ఎక్కడ నేర్చుకున్నావని బుజ్జిబాబు అడిగాడు. తెలీదంది. అతనికి మాత్రం తెలిసింది. తాళం గదిలోని పాట అది. అతను బయటికెళ్ళి బండి తుడుచుకుంటూ నిలబడ్డాడట.

అప్పటికే మా ఊరివాళ్ళు వాళ్ళకి పంచకం దంపతులని పేరు పెట్టేశారు. కడుపుతో ఉందని, నాలుగో నెలని తెలిసినప్పుడు నాగదుర్గ మొగుడితో ఒకే మాటంది. "బిడ్డని మాత్రం తాళం వేసిన ఇంటికి తీసుకెళ్ళను." బుజ్జిబాబు అద్దె ఇళ్ళ వేటలో పడ్డాడు. ఇప్పుడు అద్దె ఇచ్చుకోగలిగిన స్థితే, చేతిలో పని ఉంది. కానీ ఇల్లు చూడ్డానికి వెళ్తే గేటు దగ్గరే మొహాలు మారిపోయేవి. ఒకావిడ చేతులు జోడించి, "మా ఇంట్లో అందరూ బాగానే ఉన్నారమ్మా, మీరెందుకొచ్చారు?" అందట. ఇళ్ళు చూపించే ఏసుపాదం, "నేను ఇలాంటివి నమ్మనండి. కానీ మిమ్మల్ని వెంటబెట్టుకెళ్తే నన్ను కూడా గుమ్మం ఎక్కనివ్వడం లేదు" అన్నాడు. ఇన్నాళ్ళూ వాళ్ళ ఇళ్ళకి కాపలా ఉన్నందుకు మా ఊరు చేసిన మర్యాద ఇది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఇంట్లో అద్దెకిచ్చే వాటా లేదు, లేకపోతే ఇచ్చేదాన్నే అని చెప్పుకోవడం తేలిక, కాబట్టి చెప్పను.

ఏడో నెలలో ఆర్యాపురం నుంచి ఉదయ్‌భాస్కర్ అనే బ్యాంకు ఆఫీసరు ఫోన్ చేశాడు. "ఇల్లు ఒకసారి చూసుకుంటారేమోనని" అన్నాడు. బుజ్జిబాబు వద్దనబోయాడు గానీ, మరి ఉండడానికి వేరే చోటేది? సాయంత్రం ఇద్దరూ వెళ్ళారు. ఉదయ్‌భాస్కర్, ఆయన భార్య హరిచందన వరండాలోనే నిలబడి గొంతు తగ్గించి మాట్లాడారు. ముందు గది, వంటిల్లు, వెనక రెండు గదులు చూపించారు. బుజ్జిబాబు అలవాటుగా ఏసీలకేసి చూశాడు. నాగదుర్గ అలవాటుగా నేలకేసి చూసుకుంటూ మధ్య గదిలోకి వెళ్ళింది.

నేల మీద మచ్చలు లేవు. మంచం కోళ్ళే ఉన్నాయి. తలెత్తి చూస్తే మంచం మీద ఒకాయన పడుకుని ఆమెకేసే చూస్తున్నాడు.

ఉదయ్‌భాస్కర్ గబగబా వచ్చి ఆమెని పక్కకి పిలిచాడు. "నాన్నగారండి. డాక్టర్లు ఇక రోజుల్లోనే అన్నారు. నక్షత్రం ఎలా వస్తుందో మన చేతిలో లేదు కదండి. అప్పటికప్పుడు వెతుక్కోలేమని ఫ్లాటు కూడా మాట్లాడుకున్నాం" అన్నాడు. చెడ్డవాడు కాదు. అన్నీ ముందే చూసుకునే మనిషి, అంతే. అలాంటివాళ్ళని చూస్తే నాకు చెడ్డవాళ్ళని చూసిన దానికంటే ఎక్కువ వణుకు.

మంచం మీంచి ఆ పెద్దాయన, చంద్రరావుగారు, "ఇటు రా అమ్మా" అన్నారు. రైల్వేలో గార్డుగా చేసిన మనిషి, గొంతు ఇంకా బలంగానే ఉంది. నాగదుర్గ ఇన్నాళ్ళూ మనిషి వెళ్ళిపోయాక మిగిలినవే చూసింది, అలారం, పిల్లి, కుర్చీ. ఇప్పుడు ఆ మనిషే చూస్తున్నాడు. ఆ కళ్ళలో తాను ఎవరిలా కనబడుతోందో ఆమెకి తెలిసిపోయింది. పారిపోవాలనిపించిందట.

"నా తర్వాత వచ్చేది నువ్వేనా?" అన్నారాయన.

అబద్ధం నోటికి రాలేదు. "అవునండి" అంది.

"ఎన్నో నెల?"

"ఏడండి."

"ఊరు?"

"ఉప్పాడండి. మా ఇల్లు సముద్రంలో ఉందండి."

ఆయన ఆ మాటకి కాస్సేపు కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచారు. "భయమేస్తోందా నన్ను చూస్తే?"

"వేస్తోందండి. మిమ్మల్ని చూసి కాదు. పురుటికెళ్ళి మళ్ళీ ఇలాంటి ఇంటికే రావాల్సొస్తుందేమోనని." ఇంటివాళ్ళ ముందు ఎప్పుడూ నోరెత్తని మనిషి, అప్పుడు ఎక్కడి ధైర్యమో వచ్చింది. "మీరుండగానే వస్తామండి. ఇప్పుడే. వెనక గదులు చాలండి, అద్దె కూడా ఇస్తాం. నా బిడ్డ మనుషులున్న ఇంట్లో కళ్ళు తెరవాలండి."

గుమ్మంలో హరిచందన, "మావయ్యగారూ, వాళ్ళు ఇంట్లో తిరుగుతుంటే అశుభం కదండీ" అంది.

"ఎవరికమ్మా అశుభం? నాకా?" అన్నారు చంద్రరావుగారు. ఆయన కొడుకుని పిలిచి, వెనక గదులు కడిగించమన్నారు.

ఆ వారంలోనే చేరిపోయారు. రేకుల గదిలో ఆ ముచ్చటే లేదు, మూసిన ఇంట్లో పాలు పొంగించరు కాబట్టి, ఈ ఊరొచ్చాక నాగదుర్గ పాలు పొంగించడం అదే మొదటిసారి. ఆయనకి ఒక చెంచాడు నోట్లో పోసింది. ఆయన మింగి, ఆమె కడుపుకేసి చూసి, "నీ బిడ్డ ఉండగా ఈ ఇంటికి తాళం పడకూడదు. మంచి నక్షత్రం చూసుకునే పోతాలే" అన్నారు.

సరదాకి అన్నారేమోననుకుంది. మర్నాడు పొద్దున్నే, "ఇవాళ ఏ నక్షత్రం?" అని అడిగారు. ఆమె గోడ క్యాలెండరు చూసి చెప్పింది. అది దోషమున్న నక్షత్రం. "అయితే ఇవాళ కాదు, కాఫీ పట్రా" అన్నారు, తాగారు. రోజూ అదే ప్రశ్న. దోషమున్న రోజున తినేవారు, మాట్లాడేవారు. మంచి నక్షత్రమని చెప్పిన రోజున మాత్రం ఏదీ ముట్టుకునేవారు కాదు. చేతులు గుండెల మీద పెట్టుకుని, స్టేషన్లో బండి కోసం కూర్చున్నట్టు, సాయంత్రం దాకా పైకప్పుకేసి చూస్తుండేవారు. ఊపిరి కూడా తగ్గిపోతున్నట్టుండేది. ఆ గదిలో ఆయనతో పాటు ఇంకెవరో కూర్చుని ఉన్నట్టుండేదని, ఆ రోజుల్లో ఆ గుమ్మం దాటాలంటే తనకి చెమటలు పట్టేవని నాగదుర్గ చెప్పింది. పాప పుట్టి, పురిటి స్నానం అయ్యి, తిరిగి ఆ ఇంటికొచ్చాక కూడా అంతే.

మొన్న జాకెట్ల కోసం వెళ్ళాను. పాప ఆయన మంచం మీదే, ఆయన మోచేతి పక్కన నిద్రపోతోంది. నాగదుర్గ నా కొలతలు తీస్తోంది. టేపు నా భుజం మీద ఉండగా లోపల్నుంచి గొంతు వినబడింది.

"అమ్మాయ్, ఇవాళ ఏ నక్షత్రం?"

ఆమె క్యాలెండరుకేసి తల కూడా తిప్పలేదు. "ధనిష్ఠండి" అంది.

"నిన్న కూడా అదే అన్నావే?"

"నిన్నా ధనిష్ఠేనండి."

"మొన్న?"

"మొన్నా అదేనండి."

నాగదుర్గ చేతిలో టేపు బిగుసుకుపోయింది.

"సరే" అన్నారు చంద్రరావుగారు. "అయితే కాఫీ పట్రా."