టేపులో మిగిలిన సాయిబు

మట్టితో చేసిన మనిషికి జ్ఞాపకమనే వరం ఇచ్చి, మనం మరచిపోయినవాటిని కూడా తన దగ్గర పదిలంగా ఉంచుకునే దేవునికి ముందుగా స్తోత్రం చెల్లిస్తున్నాను. ఆయన మంచివాడు గనుకనే ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను.

మదనపల్లెలో మా చిన్నప్పుడు ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వస్తే, అన్నానికి ముందు ఒక పరీక్ష ఉండేది. పాస్టరు అయ్యగారు ఆరోజు ఏ వాక్యం మీద మాట్లాడారు, ఏ ఉపమానం చెప్పారు, చివర ఏమని హెచ్చరించారు, అన్నీ మా నాయనకు వరుసగా అప్పజెప్పాలి. మా అమ్మకు చదువు రాదు. అయినా మేం తడబడిన చోటల్లా వంటింట్లోంచి ఆమే అందించేది. ప్రసంగం మొదటి నుంచి చివరి దాకా ఆమె తలలో ఉండేది. అది గొప్ప విషయమని అప్పుడు మాకు తోచలేదు. ఆ కాలంలో అందరి తలలూ అట్లాగే ఉండేవి.

డెబ్బైల చివర్లో మా సంఘంలోని ఒక కుటుంబానికి కువైట్ నుంచి టేపురికార్డరు వచ్చింది. దాన్ని ప్రసంగ పీఠం పక్కన స్టూలు మీద పెట్టేవాళ్లు. మొదట్లో మా గొంతులు మేమే వినడానికి సాయంత్రాలు వాళ్లింట్లో గుమిగూడేవాళ్లం. కొన్నాళ్లకు ఆరాధనలో నా చూపు కిటికీలోంచి బయటికి పోవడం మొదలైంది. ఎట్లాగూ టేపులో ఉంటుంది కదా అనే ధీమా. నాయన పరీక్ష కూడా ఎవరూ ఆపకుండానే ఆగిపోయింది. నేను చెప్పబోయే సంగతి అర్థం కావాలంటే ఈ మార్పు తెలియాలి.

మా పెద్దమ్మ, అంటే మా అమ్మ అక్క, అంతకు ముందు సదుం దారిలో ఒక పల్లెలో ఉండేది. ఒక వానాకాలం ఆమె బిడ్డకు జ్వరం ముదిరి ఫిట్సు వచ్చాయి. పెదనాయన ఊళ్లో లేడు. బిడ్డను చీర చెంగులో చుట్టుకుని వానలోనే రోడ్డు మీదికొస్తే బస్సు రాలేదు. ఆ సమయంలో పుంగనూరు సాయిబు ఒకాయన జట్కాలో బెల్లం వేసుకుని సంతకు పోతున్నాడు. బెల్లం రోడ్డు పక్క చింతచెట్టు కింద దించేసి, తల్లీబిడ్డలను ఎక్కించుకుని, గుర్రాన్ని వెనక్కి తిప్పి పుంగనూరు బస్టాండుకు చేర్చాడు. అక్కడినుంచి మదనపల్లె ఆసుపత్రికి వచ్చారు. బిడ్డ దక్కింది. మరుసటి ఏడు పెదనాయన కాపురం మదనపల్లెకే మార్చాడు. ఆ ఏటి చర్చి కోతపండుగ కూడికలో పెద్దమ్మ లేచి ఇదంతా దేవుడు చేసిన మేలుకు సాక్ష్యంగా చెప్పింది. టేపురికార్డరు దాన్ని పట్టుకుంది.

రెండు మూడేళ్లకు ఆమెను కుప్పం కూడికల్లో సాక్ష్యం చెప్పమని పిలిచారు. తోడుగా నేను వెళ్లాను. అక్కడ సగంమందిది తమిళం కాబట్టి పెద్దమ్మ ఒక మాట చెబితే పక్కన ఒకాయన దాన్ని తమిళంలో చెప్పేవాడు. ఆయన సాయిబును వదిలేశాడు, బెల్లాన్ని వదిలేశాడు. తెల్లబట్టలు కట్టుకున్నవాడు ఒకడు వచ్చి బండి నిలిపాడని చెప్పాడు. కావాలని చేశాడో, అందుకోలేకపోయాడో నాకు తెలియదు. సాయిబు తెల్ల జుబ్బా తొడుక్కున్న మాట నిజమే. కూడికల పందిరంతా స్తోత్రాలతో మోగింది. పెద్దమ్మ అవి తగ్గేదాకా ఆగింది. మర్నాటి సాయంత్రం ఆమే తెల్లబట్టలతో మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఏడాదికేడాది ఆమె సాక్ష్యంలో ఆ మనిషి ముఖం కరిగిపోతూ వచ్చింది. ఆయన రాగానే వాన వెలిసేది. బండి ఖాళీగా, ఆమె కోసమే వచ్చినట్టు ఉండేది. బస్టాండులో దించి ఆమె తిరిగి చూసేసరికి కనిపించేవాడు కాదు. మేమంతా కళ్లు తుడుచుకునేవాళ్లం. మొదటి సాక్ష్యం విన్నవాళ్లమే మేమందరం. ఒక్కరికీ తేడా తట్టలేదు.

తట్టింది టేపురికార్డరు ఉన్న ఇంటి పెద్దకొడుక్కు. కాలేజీలో సైన్సు చదివే కుర్రవాడు, సత్యమంటే ప్రాణం పెట్టేవాడు. పాత క్యాసెట్లు సర్దుతూ మొదటి సాక్ష్యం విన్నాడు. కోతపండుగ ఇంకా రెండు వారాలుందనగా అయ్యగారింట్లో పెద్దలను కూర్చోబెట్టి, పెద్దమ్మను పిలిపించి, మీట నొక్కాడు.

"అత్తా, ఇది ఎవురి గొంతు?"

పెద్దమ్మ చెవి ఒగ్గి విన్నది. "నా మాదిరే ఉండాది."

"నీదే. ఇందులో సాయిబుండాడు, బెల్లముండాది. పోయినేడు నువ్వు సెప్పిన దాంట్లో దేవదూత ఉండాడు. ఏది నిజం?"

ఒక పెద్దాయన నవ్వు ఆపుకోలేక, "దూతకు రెక్కలుండంగా జట్కా యాలమ్మా?" అన్నాడు.

పెద్దమ్మ నవ్వలేదు. "అబద్ధం సెప్పాలని సెప్పలే నాయనా. కండ్లు మూసుకుంటే తెల్లబట్టలాయనే కనపడతాడు. నేనేం సేసేది?"

సంఘం ముందు ఆమె తప్పు ఒప్పుకోవాలని, అప్పటిదాకా ఆమెకు సాక్ష్యం చెప్పే అవకాశం ఇవ్వకూడదని కుర్రవాడు పట్టుబట్టాడు. చదువు లేని పెద్దమ్మకు సంఘంలో ఉన్న స్థానమల్లా ఆ సాక్ష్యమే. అది పోతే ఆమె దొంగసాక్షిగా మిగిలిపోతుంది. అయ్యగారు, ప్రభువు సంగతులను కూడా సువార్తలు రాసిన నలుగురు నాలుగు విధాలుగా చెప్పారు కదా, అందులో ఎవరినీ మనం తోసెయ్యలేదు కదా అన్నారు.

"వాళ్ల దగ్గర టేపు లేదు కదయ్యగారూ," అన్నాడు కుర్రవాడు.

పెద్దమ్మ మళ్లీ వేయమంది. బెల్లం మాట వచ్చిన చోట ఆపించి, వెనక్కి తిప్పించి మరోసారి విన్నది.

"అంత వాన పడతా ఉండె. బెల్లం కరిగిపోయుంటాదే," అంది. ఏమంటున్నదో మొదట మాకెవరికీ అర్థం కాలేదు. "ఆయప్ప దాన్ని వానలో ఇడిసిపెట్టి నా బిడ్డ కోసరం వచ్చినాడే. దాన్ని నేనెట్ల మర్సిపోతిని? ఆయప్పను సూసొచ్చినాంకనే నేను నోరు తెరిసేది."

ఆ వారంలోనే పెద్దమ్మ, ఆమె కూతురు, నేను పుంగనూరు బస్సెక్కాం. అప్పటికి అక్కడ జట్కాలు తగ్గిపోయి ఆటోలు వచ్చాయి. బస్టాండు చుట్టూ విచారిస్తే, గుర్రాన్ని అమ్మేసిన ఒక ముసలి సాయిబు మసీదు సందులో జామకాయలు అమ్ముతున్నాడని చెప్పారు. ఆయన పెద్దమ్మను గుర్తు పట్టలేదు. ఎంతోమందిని ఎక్కించుకున్నానమ్మా అన్నాడు. బెల్లం మాట ఎత్తగానే తక్కెడ కింద పెట్టేశాడు.

"ఆ బిడ్డ బతికిందా తల్లీ?"

పెద్దమ్మ తన పక్కనున్న పిల్లను ముందుకు నెట్టింది. పిల్లకేమీ తెలియదు. సిగ్గుపడుతూ జామకాయల వైపే చూస్తోంది. సాయిబు వాటిలో పెద్దది ఏరి దాని చేతిలో పెట్టాడు. మదనపల్లె బస్సు చూసినప్పుడల్లా ఆ బిడ్డ ఏమైందోనని అనుకునేవాడట. అడగడానికి ఎవరున్నారు? తర్వాత ఆయనే మెల్లగా, మాకు తెలియని సంగతి ఒకటి చెప్పాడు.

"మొదుట నేను బండి ఆపలేదమ్మా. నువ్వు బిడ్డ మీద వంగి ఉండావు, సూడలేదు. బెల్లం సెట్టిది, తడిస్తే ఊరుకోడు. రోడ్డు కింద నీళ్లు పారే మోరీ దాటి పోయినా. ఆడ నా సెయ్యి గుర్రాన్ని తిప్పేసింది. ఎవురు తిప్పించినారో అల్లాకే తెలుసు."

ఇది పెద్దమ్మ జ్ఞాపకంలో లేదు. టేపులోనూ లేదు. ఆమె ఆరోజు చెప్పినంత మటుకే అది దాచింది. ఏ నోరూ చెప్పనిది దానికెట్లా తెలుస్తుంది? మేం దాన్ని నమ్ముకుని వినడం తగ్గించాం, పందిరిలోని స్తోత్రాలను నమ్ముకుని పెద్దమ్మ ఒక ముఖాన్ని పోగొట్టుకుంది. ఎవరిలోనూ కపటం లేదు. దాచిపెట్టేది వేరొకటి ఉన్నప్పుడు మనసు తన పని తగ్గించుకుంటుంది. నలుగురూ మెచ్చుకున్నదాన్నే మళ్లీ మళ్లీ తడుముకుని, మిగతాది జారవిడుస్తుంది. నిజం కోసం పెద్దమ్మ బస్సెక్కి ఒక మనిషి దగ్గరికి పోవలసి వచ్చింది.

కోతపండుగ నాడు ఆమె అంతా చెప్పింది. బెల్లం, వాన, మోరీ, వెనక్కి తిరిగిన గుర్రం, తాను ఆ మనిషిని మరచిపోయిన సంగతి, ఆయన అడిగిన ప్రశ్న. అల్లా మాట దగ్గర ఇద్దరు ముగ్గురు పెద్దలు ఇబ్బందిగా కదిలారు. ఆమె మాత్రం ఆయన అన్నది అన్నట్టే చెప్పింది. కుర్రవాడు వచ్చి, "అత్తా, నేను కటువుగా మాట్లాడినా," అన్నాడు. నువ్వు వినిపించకుంటే నాకు ఆయప్ప యాడ దొరికేవాడు నాయనా అని ఆమె వాడి తల నిమిరింది.

భోజనాల దగ్గర పక్కింటావిడ మాత్రం నిరుత్సాహంగా, "దూత ఉండినప్పుడే బాగుండె, మేయ్," అంది.

"నాకూ అట్లే ఉండె," అంది పెద్దమ్మ, అన్నం కలుపుకుంటూ. "అయితే బిడ్డ బతికిందా అని దూత అడగడు కదా. మనిషే అడిగేది."

ఇప్పుడు పెద్దమ్మా లేదు, ఆ సాయిబూ లేడు. ఇది చదివిన వాళ్లు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో కలిసి ప్రార్థించండి. మనల్ని మోసి దించి వెళ్లిపోయి, మన సంగతి ఏమైందో తెలియకుండా ఉండిపోయినవాళ్ల కోసం ప్రార్థించండి. వాళ్లలో ఎవరైనా బతికి ఉంటే, వాళ్ల దగ్గరికి పోయే బుద్ధిని తండ్రి మనకు ఇవ్వాలని అడగండి. ఆమేన్.